ఫొటో కోయడం మేలా, ఉన్నదున్నట్టు ఉంచడం మేలా?

తలంబ్రాల ఫొటో ఒకటి ముందేసుకుని కూర్చున్నాను. ఎడమ అంచున వీడియోవాళ్ల లైటు స్టాండు. కుడి అంచున పళ్లెం పట్టుకున్న ముసలావిడ చెయ్యి, మనిషి కనబడదు. సరిగ్గా మధ్యలో, పెళ్లికూతురి భుజం వెనక, నీలం మూత నీళ్ల సీసా.

కోతే (క్రాప్, అంటే ఫొటో అంచులు తీసేయడం) వద్దనేవాళ్లు ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసన్ పేరు చెబుతారు. ఫ్రేము బటన్ నొక్కేటప్పుడే కుదరాలన్నది ఆయన పట్టు. అయినా 1932లో పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక నీళ్ల మీదుగా దూకుతున్న మనిషిని ఆయన తీసిన ఫొటో కోసిందే. కంచె సందులోంచి తీయడంతో ఎడమవైపు చెక్క అడ్డొచ్చింది మరి. ఇక అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆర్నాల్డ్ న్యూమన్ 1946లో తీసిన స్ట్రావిన్‌స్కీ ఫొటోకు ప్రాణమే కోత. సంగీతకారుడు ఓ మూలకు ఒదిగి, ఎత్తిన పియానో మూత ఫ్రేమంతా పరుచుకున్నది ప్రింటు కోశాకే.

నా ఓటు కోతకే. కాకపోతే కోసే వీల్లేదన్నట్టే తీయాలి. 24 మెగాపిక్సెల్ ఫొటోను అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి తగ్గిస్తే మిగిలేది 6. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 12×18 అంగుళాల ఆల్బమ్ పేజీకి 19 మెగాపిక్సెళ్ల పైనే కావాలి. రెండడుగులు ముందుకేస్తే ఈ నష్టమే ఉండదు.

చెరపడం మాత్రం వేరే సంగతి. 2010లో స్తెపాన్ రుదిక్ అనే ఫొటోగ్రాఫర్ బహుమతిని వార్తా ఫొటోల పోటీ వరల్డ్ ప్రెస్ ఫొటో వెనక్కి తీసుకుంది. బాగా కోసి, నలుపు తెలుపు చేసినందుకు కాదు. వెనకున్న మనిషి పాదం ముక్క ఒకటి చెరిపేసినందుకు. పెళ్లి ఫొటో వార్త కాదు కదా అంటారు. ఆ ఇంటివాళ్లకు ఆ రోజుకు మిగిలే సాక్ష్యం అదే కదా!

అందుకే స్టాండు వరకు కోశాను. సీసాను చెరపలేదు, కళ్లకు కొట్టకుండా ఆ చోట వెలుగు కాస్త తగ్గించాను. డార్క్‌రూమ్ రోజుల్లో ప్రింటు మీద చేసిన పనే అది. కుడివైపు కూడా కోస్తే పెళ్లికూతురు నట్టనడుమకు వస్తుంది, పేజీకి అందం. కానీ ఆ చెయ్యి అమ్మమ్మదో నాయనమ్మదో నాకు తెలియదు, వాళ్లకు తెలుసు. కుడి అంచు కదపలేదు. కోయని అసలు ఫైలు కూడా ఆల్బమ్‌తో పాటే ఇస్తున్నాను.