కింద హీట్ ప్యాడా, పైన బల్బా? పెంపుడు పాములకు, బల్లులకు ఏది మేలు?

పామునో బల్లినో పెంచే ట్యాంకు కింద కొత్తగా హీట్ ప్యాడ్ (కరెంటుతో వేడెక్కే పలచని పట్టీ) పెట్టినవాళ్లు గంట ఆగి ట్యాంకు గోడకున్న థర్మామీటర్ చూస్తారు. అంకె కదలదు. ప్యాడ్ పాడైందేమో అని టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ప్యాడ్ బాగానే ఉంటుంది. గాలిని వేడి చేయడం దానికి పెద్దగా చేతకాదు. తనకు ఆనుకున్న గాజును, ఆ గాజు మీద పడుకున్న జంతువు పొట్టను వేడి చేస్తుంది, అంతే. గది చల్లగా ఉంటే ట్యాంకులో గాలీ చల్లగానే ఉంటుంది. అలాంటి గదిలో ప్యాడ్ ఒక్కటే పెట్టి సరిపెట్టుకోవడం కుదరదు.

పైన పెట్టే హాలోజెన్ బల్బు తీరు వేరు. అది రాయిని, మట్టిని, జంతువు వీపును ఎండలాగే వేడి చేస్తుంది. దాని కిరణాలు చర్మం దాటి కొంత లోపలికి కూడా వెళ్తాయి. ప్యాడ్ వేడి చర్మం పైపొరలోనే ఆగి, అక్కడి నుంచి మెల్లగా లోపలికి పాకుతుంది.

బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి విషయంలో ఆలోచించాల్సిన పనే లేదు. అది ఎండ కాగే చోట రాయి 40 డిగ్రీల దాకా వేడెక్కాలి, వెలుగూ కావాలి. బల్బే పెట్టాలి. అసలు చర్చంతా లెపర్డ్ గెకో అనే బల్లి, కార్న్ స్నేక్, బాల్ పైథాన్ అనే పాములు లాంటి వాటి దగ్గరే. వీటికి వెచ్చని వైపు నేల సుమారు 30 నుంచి 33 డిగ్రీలు ఉంటే చాలు. ఆ వేడిని ప్యాడ్ తేలిగ్గానే ఇస్తుంది, కరెంటూ తక్కువ తింటుంది. పొట్టకు వేడి తగలకపోతే అరగదని ప్యాడ్ తప్పనిసరి అనేవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. అరుగుదలకు ఒంట్లో తగినంత వేడి ఉండాలి గానీ, అది కింద నుంచే రావాలని లేదు. బల్బు కింద కాగిన పలకరాయి మీద పడుకున్నా పొట్టకు వేడి తగులుతుంది.

ప్యాడ్‌తో నాకు కనిపించే పెద్ద చిక్కు తవ్వే అలవాటుతో వస్తుంది. ఎండ ఎక్కువైతే బల్లి మట్టిలోకి తవ్వుకుని చల్లని చోటు వెతుక్కుంటుంది. ప్యాడ్ ఉన్న ట్యాంకులో అదే పని చేస్తే ఎదురయ్యేది వేడి గాజు. రెండంగుళాల కొబ్బరి పొట్టు పరిచి, థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే పరికరం) ప్రోబ్‌ను, అంటే వేడిని కొలిచే దాని తీగ కొసను, ఆ పొట్టు పైన పెట్టారనుకోండి. పొట్టు వేడిని పైకి రానివ్వదు. పైన 32 డిగ్రీలు వచ్చేదాకా థర్మోస్టాట్ ప్యాడ్‌ను ఆపదు. ఈలోపు అడుగున గాజు 40 దాటిపోతుంది. గెకో పొట్టు తవ్వుకుంటూ నేరుగా ఆ గాజు మీదికే చేరుతుంది. కాలుతున్నా చటుక్కున లేచిపోదు, అలాగే పడుకుంటుంది. పొట్ట కింది పొలుసులు ఎర్రబడ్డాకే మనకు తెలుస్తుంది. కాబట్టి ప్రోబ్ ప్యాడ్‌కు సరిగ్గా పైన గాజును తాకుతూ ఉండాలి, లేదా ప్యాడ్‌కూ గాజుకూ మధ్య ఉండాలి. వెచ్చని వైపు పొట్టు పలచగా పరచాలి.

థర్మోస్టాట్ లేకుండా మాత్రం ప్యాడ్ ప్లగ్గులో పెట్టొద్దు. డబ్బు తక్కువైతే ముందు థర్మోస్టాట్ కొని, ప్యాడ్ తర్వాత కొనండి. బల్బుకైతే వెలుగును తగ్గిస్తూ పెంచే డిమ్మింగ్ రకం థర్మోస్టాట్ కావాలి. ఆన్-ఆఫ్ రకం పెడితే బల్బు ఊరికే ఆరుతూ వెలుగుతూ ఉంటుంది.

పెట్టె దేనితో చేసిందన్నదీ చూడాలి. పలచని ప్లాస్టిక్ డబ్బాలో పాము పిల్లను పెంచేవాళ్లకు ప్యాడే మేలు. పైన బల్బు పెడితే మూత కరుగుతుంది. చెక్క పెట్టెకు కింద ప్యాడ్ అంటిస్తే చెక్క వేడిని లోపలికి రానివ్వదు, అక్కడే పట్టి ఉంచుతుంది. అది వృథానే కాదు, ప్రమాదం కూడా. గాజు ట్యాంకుకు ప్యాడ్ సరిపోతుంది, కానీ నేలలో మూడో వంతుకు మించకూడదు. అప్పుడే రెండో వైపు చల్లగా మిగులుతుంది. ట్యాంకు నాలుగు మూలలా చిన్న రబ్బరు కాళ్లు పెట్టి గాలి ఆడనివ్వాలి. లేకపోతే వేడి చిక్కుకుని గాజు పగలొచ్చు. జిగురున్న ప్యాడ్‌ను ఒకసారి అంటించాక పీకితే లోపలి తీగలు దెబ్బతింటాయి. ముందే చోటు చూసుకుని అంటించండి.

నన్నడిగితే గాజు ట్యాంకులో లెపర్డ్ గెకోకైనా పగలు హాలోజెన్ బల్బే పెట్టమంటాను. రాత్రి బల్బు ఆపేయాలి. గది మరీ చల్లబడకపోతే రాత్రి వేడి అసలు అక్కర్లేదు, లెపర్డ్ గెకో 20 డిగ్రీలను హాయిగా తట్టుకుంటుంది. బాల్ పైథాన్‌కు అంత చల్లదనం పడదు. దానికి రాత్రి థర్మోస్టాట్‌తో ప్యాడ్ గానీ, వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్ గానీ నడపొచ్చు. గాలి కూడా వెచ్చబడాలంటే సిరామిక్ నయం. అది పెట్టె లోపల ఉంటే చుట్టూ జాలీ ఉండాలి, లేకపోతే పాము దానికే చుట్టుకుంటుంది. రాత్రి కోసమని అమ్మే ఎర్ర బల్బు మాత్రం కొనకండి. ఎరుపు వాటికి కనిపించదంటారు గానీ, చాలా బల్లులకు బాగానే కనిపిస్తుంది.