మంద చేపల కోసం మూడు ఊళ్లు: మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు

నల్లగొండలో మా ఇంటి ముందుగదిలో మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు ఉన్న గాజు తొట్టి ఏప్రిల్ చివరి వారం నుండి నీళ్లతో నిండి, మోటారు తిరుగుతూ, ఒక్క చేప కూడా లేకుండా ఉండేది. వచ్చిన చుట్టాలందరూ చేపలేవని అడిగేవారు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి "నీళ్లు ఇంకా పండాలె" అని జవాబు చెప్పేవాడు. అతను చెప్పింది హాస్యమే అయినా అసలు సంగతి కూడా అదే. చేపల వ్యర్థాల నుండి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను అంతగా హానిలేని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అందుకని రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిస్తూ, చుక్కల మందు కిట్టుతో పరీక్షించుకుంటూ, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగేదాకా ఆగాము. ఎండాకాలం కాబట్టి మాకు అయిదు వారాలకే ఆ పని పూర్తయింది.

చేపలను ఎంచుకునే ముందు నీటిని తెలుసుకోవాలన్నది నల్లగొండవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. మా బోరు నీటిలో టీడీఎస్ 1100 దాటింది; కుళాయిలో వచ్చే కృష్ణా నీటిలో 350 దగ్గర ఆగింది. టీడీఎస్ కరిగిన లవణాల మొత్తాన్ని చూపుతుందే తప్ప కాఠిన్యాన్ని విడిగా చూపదు, అయినా ఆ తేడా నిర్ణయానికి సరిపోయింది. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే "నల్లగొండ పద్ధతి" మా జిల్లా పేరుతోనే దేశమంతా తెలుసు గనుక, బోరు నీటికి పటిక కలిపి వాడుకోమని ఒక బంధువు సలహా ఇచ్చారు. పటిక నీటిలోని క్షారతను తినేసి, నీరు ఆమ్లమా క్షారమా అని చూపే పీహెచ్‌ను దించుతుంది, తొట్టిలో అటువంటి ఊగిసలాట చేపలకు మంచిది కాదు. అందుకే కుళాయి నీటినే పట్టి, క్లోరిన్ పోయేందుకు ఒక రోజు నిలవ ఉంచి వాడాము.

మందగా తిరిగే చేపలు ఒకే జాతివి కనీసం ఆరు ఉండాలని, ఇద్దరు ముగ్గురుగా పెడితే బెదిరి మూలకు నక్కుతాయని లేదా పక్క చేపల రెక్కలు కొరుకుతాయని చదివి ఉన్నాను. మా ఊళ్లో ఆ వారం గోల్డ్ ఫిష్, మాలీలు తప్ప మరేమీ దొరకలేదు. ఈ ప్రయాణాలు అలా మొదలయ్యాయి.

మొదట మిర్యాలగూడ. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరమే గనుక బస చేసే అవసరం రాలేదు. అక్కడ మేము చూసిన దుకాణం చాలా ఆకర్షణీయంగా ఉంది. నీలం దీపాలు, రంగు గులకరాళ్లు, నోరు తెరిచి బుడగలు వదిలే మొసలి బొమ్మ. చేపలను మాత్రం రంగుల పొందికను బట్టి ఒకే తొట్టిలో కలిపి ఉంచారు. టైగర్ బార్బ్‌లు, పొడుగు తోకల గప్పీలు ఒకే నీటిలో ఉండగా, గప్పీల తోకలు చింపిరిగా కనిపించాయి. ఏంజెల్ పక్కన నియాన్ టెట్రాలను చూపి "రెండూ శాంతంగా ఉంటయి మేడం" అన్నారు. ఏంజెల్ చిన్నగా ఉన్నంతవరకు అది నిజమే, పెరిగాక మాత్రం పెద్ద చేప చిన్న చేపను మింగే పాత కథే. అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడవుతున్నది "షార్క్" అనే వెండిరంగు పిల్ల. అది షార్క్ కాదు, ఆదివారం మార్కెట్లో కిలోల లెక్కన దొరికే పంగాసే. సరైన చోటు దొరికితే మూడడుగులు దాటే చేపను అరచేయంత గిన్నెలో పెట్టి ఇస్తున్నారు. గోడకు అతుక్కునే సక్కర్ చేప కూడా అడుగుకు మించి పెరిగేదే. సామాన్ల విషయంలో మాత్రం ఈ దుకాణానికి మంచి మార్కులు వేయాలి. స్పాంజి ఫిల్టరు, థర్మామీటరు సరసమైన ధరకు ఇచ్చి, మోటారును తిప్పి చూపించి మరీ కట్టారు. చేపలు కొనకుండా తిరిగి వచ్చాము.

మృగశిర కార్తె ప్రవేశించిన మర్నాడు పాలమూరుకు (మహబూబ్‌నగర్) బయలుదేరాము. ఆ రోజుల్లో తెలంగాణలో చేపలు తినని ఇల్లు తక్కువ. బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒళ్లోని సంచిలో కొర్రమీను, నా ఒళ్లో ఖాళీ థర్మకోల్ పెట్టె. ఏమి తేవడానికి పోతున్నానో చెప్పగా ఆమె పెట్టెను, నన్ను కాసేపు మార్చి మార్చి చూసి, "తినెటందుకు కాదా?" అని నిర్ధారించుకున్నారు. మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుండి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మా ఆడవాళ్లకు టికెట్ లేదు గానీ రద్దీ విపరీతంగా ఉంటుంది. ఖాళీ పెట్టెతో పోయేటప్పుడు అది భరించవచ్చు, చేపలతో వచ్చేటప్పుడు భరించలేము.

దేవరకొండలో దిగి ఒక పూట ఆగడం మా అదృష్టం. పావురాలు, లవ్ బర్డ్స్ అమ్మే ఇరుకు దుకాణంలో ఒక పక్కన నాలుగే తొట్లు ఉన్నాయి. దీపాలు సరిగా లేవు, గాజు మీద పాచి ఉంది, కానీ ప్రతి తొట్టిలో ఒకే రకం చేప ఉంది, ఒక్కటి కూడా చచ్చి తేలుతూ కనబడలేదు. మా అబ్బాయి నియాన్లు అడిగితే దుకాణం ఆయన ఇలా అన్నాడు: "మనూరి ఎండకు గవి ఆగయి బాబూ. పోయినేడు తెచ్చి నేనే నష్టపోయిన." నియాన్ టెట్రాకు 21 నుండి 25 డిగ్రీల మెత్తని (కాఠిన్యం తక్కువ ఉన్న) నీరు హాయి, మే నెలలో మా తొట్టి 33 చూపింది. జీబ్రా డానియోలు గంగా, బ్రహ్మపుత్ర పరీవాహకాల వాగుల్లోవి కావడంతో వేడికీ చలికీ తట్టుకుంటాయని, నల్లరెక్కల విడో టెట్రా కూడా గట్టిదేనని, విడోలు ఉన్న తొట్టిలో పొడుగు తోకల చేపలు వద్దని ఆయన చెప్పిన మాటలు నేను చదివినదానితో సరిపోయాయి. ఆ రోజు ఆయన దగ్గర ఆ రెండూ లేవు.

పాలమూరులో బస్టాండు సమీపంలోని లాడ్జిలో దిగాము. చేపలు కొనడానికి వెళ్లేవారు లాడ్జిలో మొదట అడగవలసినది గది అద్దె కాదు, ఖాళీ చేసే వేళ. మేము దిగినచోట ఇరవై నాలుగు గంటల లెక్క ఉండడంతో మర్నాడు మధ్యాహ్నం దాకా తొందర లేకపోయింది. పై అంతస్తు గది కప్పు వేడికి పొయ్యిలా ఉంది. అడగ్గానే కింది గదికి మార్చారు. పడక శుభ్రంగా ఉంది, స్నానాల గది మామూలు. కరెంటు పోయినప్పుడు జనరేటరు మెట్ల దీపాలకే గానీ గదులకు రాదన్న సంగతి అర్ధరాత్రి తెలిసింది.

ఊళ్లో రెండు దుకాణాలు చూశాము. మొదటిది పెద్దది, అక్కడ ఆక్సిజన్ సిలిండరు ఉంది, అయితే సరుకు ఆ ఉదయమే చెన్నై నుండి దిగింది. దూరప్రయాణం చేసిన చేపలు రెక్కలు ముడుచుకుని నీటి పైభాగాన నోళ్లు తెరుస్తున్నాయి. వాటిని చూసి కూడా మా అబ్బాయి పట్టుదలకు లొంగి నాలుగు డానియోలు కొన్నాను, అదీ ఆక్సిజన్ పట్టించకుండా ఉత్త గాలితో కట్టిన కవరులో, అదీ సాయంత్రం. తెల్లవారేసరికి ఒకటి పోయింది, మిగిలిన మూడింటి ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లని చుక్కలు కనిపించాయి. తప్పు దుకాణందారుది కాదు. కొత్త సరుకు అని ఆయన దాచలేదు.

రెండో దుకాణం సందులో ఉంది. తొట్టి తొట్టికి ప్లాస్టరు ముక్క అంటించి, చేపలు దిగిన తేదీ పెన్నుతో రాసి పెట్టారు. మేత వేయమంటే వేసి చూపించారు. మేతకు పరుగెత్తి వచ్చే చేప ఆరోగ్యంగా ఉన్నట్టే. పదిహేను రోజులుగా ఉన్న విడో టెట్రాలు ఏడు, డానియోలు ఎనిమిది ఎంచుకుని, బయానా ఇచ్చి, మర్నాడు పొద్దుటిదాకా వాటికి మేత వేయవద్దని చెప్పాము. కడుపు ఖాళీగా ఉంటే దారిలో నీరు తక్కువ పాడవుతుంది. ఇక్కడ సిలిండరు లేదు. కవరులో మూడో వంతు నీరు పోసి చేపలను వేసి, దుకాణంలోని అబ్బాయి సైకిలు మీద మొదటి దుకాణానికి వెళ్లి ఆక్సిజన్ పట్టించుకుని వచ్చాడు. పోటీదారుల మధ్య అంతటి సఖ్యత ఉంటుందని నేను ఊహించలేదు.

కవర్లు సిద్ధమయ్యేలోగా పిల్లలమర్రి చూసి వచ్చాము. 2018లో చెదలు పట్టిన ఆ మర్రికి సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన సంగతి మా అబ్బాయికి గుర్తుంది. "మన చేపలకు కూడా అట్లనే నీళ్లు ఎక్కిద్దాం" అన్నాడు.

తిరుగు ప్రయాణం హైదరాబాదు మీదుగా సూపర్ లగ్జరీలో, టికెట్ కొనుక్కుని చేశాము. పెట్టెను కింది డిక్కీలో పెట్టమన్న కండక్టరుకు వేడి సంగతి చెప్పి కాళ్ల దగ్గర ఉంచుకున్నాము. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో నల్లగొండ బస్సు మారి, నార్కెట్‌పల్లి మీదుగా ఇల్లు చేరేసరికి కవరు కట్టి ఏడు గంటలైంది.

ఇంట్లో జరిగిన పొరపాటు పూర్తిగా నాది. మెడికల్ షాపులో కొన్న సెలైన్ గొట్టంతో, కవర్లు విప్పి బక్కెట్లో పోసిన చేపలకు తొట్టి నీటిని రెండు గంటలపాటు చుక్కచుక్కగా ఎక్కించాము. కట్టి ఉన్న కవరులో చేపల ఊపిరి వల్ల కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ తగ్గుతుంది, అప్పుడు పోగైన అమ్మోనియా ఎక్కువ భాగం హానిచేయని రూపంలోనే ఉంటుంది. కవరు విప్పగానే ఆ వాయువు పోయి, మన క్షారపు నీరు తోడై, పీహెచ్ పెరిగి అమ్మోనియా విషరూపం దాల్చుతుంది. చుక్కల పద్ధతి దగ్గరి దుకాణం నుండి తెచ్చిన చేపలకు బాగుంటుంది గానీ గంటల తరబడి కవరులో ఉన్నవాటిని అదే పాడు నీటిలో కూర్చోబెడుతుంది. మర్నాటికి రెండు విడోలు పోయాయి.

తెల్ల చుక్కలు పట్టిన మూడు డానియోలను తొట్టిలో కలపకుండా, మిర్యాలగూడ స్పాంజి ఫిల్టరును పెద్ద బక్కెట్లో పెట్టి, కొద్దిగా రాళ్ల ఉప్పు వేసి మూడు వారాలు విడిగా ఉంచాము. మూడూ బతికాయి. విడోలు అయిదే మిగలడంతో ఒకదాన్నొకటి తరమడం ఎక్కువై, మరో మూడింటి కోసం ఆగస్టులో మళ్లీ బయలుదేరవలసి వచ్చింది.

ఈసారి దేవరకొండ ఆయనకు ముందుగా ఫోన్ చేసి, మూడు విడోలు, ఆరు చెర్రీ బార్బ్‌లు తెప్పించి వారం రోజులు ఆయన దగ్గరే ఉంచమన్నాము. వారం ఉంచినందుకు జతకు పది రూపాయలు అదనంగా అడిగాడు, సంతోషంగా ఇచ్చాను. దుకాణం నీటి టీడీఎస్ అక్కడే కొలిస్తే మా నీటికి దగ్గరగా ఉంది. కాబట్టి ఇంటికి రాగానే కట్టిన కవరును అలాగే ఇరవై నిమిషాలు తొట్టిలో తేల్చి, చేపలను చిన్న వలతో తీసి నేరుగా వదిలి, కవరు నీటిని పారబోశాము. ఒక్కటీ పోలేదు. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాము, లాడ్జి ఖర్చు లేదు.

తొట్టి రమారమి తొంభై లీటర్లు పడుతుంది. పదకొండు డానియోలు, ఎనిమిది విడోలు, ఆరు బార్బ్‌లతో ఇక నిండిందనుకుని అడుగున తిరిగే కోరిడోరాస్ ఆలోచన మానుకున్నాము. వచ్చే ఎండాకాలానికి నీటి మీదుగా గాలి తగిలేలా చిన్న ఫ్యాను బిగించడానికి గోడకు మేకు కొట్టించాను. చెర్రీ బార్బ్‌లు మాత్రం వచ్చిన పది రోజుల దాకా మొక్కల చాటునే పాలిపోయి ఉండి, ఆ తరువాతగానీ పేరుకు తగిన ఎరుపు తేలలేదు.