నంపై, సైపై, పాండాస్: ఏళ్ల తరబడి కలిపి వాడాక

పైథాన్‌లో లెక్కలకూ డేటాకూ వాడే ఈ ప్యాకేజీల్లో దేని పని ఎక్కడ ఆగుతుందో తెలిస్తే ఇవి ఎంతో నమ్మకంగా పనిచేస్తాయి. అది తెలియకపోతే, ఎర్రర్ వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో కూడా తోచదు.

నంపై పని చిన్నదిగానే కనిపిస్తుంది: ఒకే రకం సంఖ్యలను మెమరీలో ఒక క్రమంలో పేర్చి (దీన్నే అర్రే అంటారు), వాటి రకాన్నీ (డీటైప్) కొలతలనూ గుర్తుపెట్టుకోవడం. మిగతావి చాలావరకు ఆ అమరికను నమ్ముకునే నడుస్తాయి. న్యూమెరిక్, నమ్‌అర్రే అనే పాత లైబ్రరీల మధ్య రెండుగా చీలిన వాడుకరులను 2006లో నంపై 1.0తో ట్రావిస్ ఒలిఫాంట్ ఒక్కచోటికి తెచ్చారు. నా దృష్టిలో ఈ లైబ్రరీలన్నిటికీ జరిగిన అతి పెద్ద మేలు అదే.

మాట్రిక్స్ లెక్కల బరువును మోసేది మాత్రం వీటి అడుగున ఉండే బ్లాస్, ల్యాపాక్ అనే లైబ్రరీలు. నంపైలో సమీకరణాలు సాధించే మామూలు సాల్వ్ ఫంక్షన్ ఉంది, నంపై మీద కట్టిన సైపైలో మాట్రిక్స్ స్వభావాన్ని చెప్పే వీలు కూడా ఉంది. సిమెట్రిక్ పాజిటివ్ డెఫినిట్ (వికర్ణానికి అటూ ఇటూ ఒకేలా ఉండి, ఐగెన్ విలువలన్నీ ధనాత్మకం) అని తెలిస్తే అజ్యూమ్_ఏ (assume_a) అనే ఆప్షన్ దగ్గర 'పాస్' (pos) ఇవ్వండి. అప్పుడు వాడే చొలెస్కీ పద్ధతిలో మాట్రిక్స్‌ను విడగొట్టే పని మామూలు ఎల్‌యూ పద్ధతితో పోలిస్తే దాదాపు సగమే. 10,000 × 10,000 ఫ్లోట్64 (ఒక్కో దశాంశ సంఖ్యకు 8 బైట్లు) మాట్రిక్స్ 800 ఎంబీ తింటుంది. దాన్ని చెడగొట్టకుండా సైపై కాపీ తీసుకుంటే ఇంకో 800. పాత మాట్రిక్స్‌తో తర్వాత పని లేకపోతే దాని మీదే రాయనిచ్చే ఓవర్‌రైట్_ఏ ఆన్ చేసి, అర్రేను ముందే ఫోర్ట్రాన్ క్రమంలో (నిలువు వరుసల వారీగా) కట్టుకోండి.

8 కోర్ల మెషీన్ మీద మల్టీప్రాసెసింగ్‌తో 8 ప్రాసెస్‌లు తెరిస్తే, ఒక్కోదానిలో ఓపెన్‌బ్లాస్ (బ్లాస్‌కు ఒక రూపం) మరో 8 థ్రెడ్‌లు లేపుతుంది. 64 థ్రెడ్‌లు కోర్ల కోసం కొట్టుకుని, వేగం పెరగాల్సింది తగ్గుతుంది. ఓపెన్‌బ్లాస్_నమ్_థ్రెడ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చేయండి, అదీ నంపైని ఇంపోర్ట్ చేయకముందే.

పట్టికల డేటాకు వాడే పాండాస్ పేర్లున్న కాలమ్‌లనూ తేదీలనూ చక్కగా చూసుకుంటుంది. కానీ అది అడుగున వాడే నంపై పూర్ణాంకాల్లో 'విలువ లేదు' అని రాసుకునే చోటు లేదు. అందుకే సీఎస్‌వీ ఫైల్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ కాలమ్ మొత్తం ఫ్లోట్64 అయిపోతుంది. 12 అంకెల ఆధార్ సంఖ్యకైతే చివర .0 కనిపిస్తుందే తప్ప విలువ మారదు. 18 అంకెల ఖాతా సంఖ్యకు అలా కాదు, చివరి అంకెలే మారిపోవచ్చు, ఎర్రర్ కూడా రాదు. 2 ఘాతం 53 దాటాక ఫ్లోట్64కి అన్ని పూర్ణాంకాలూ పట్టవు మరి. ఇలాంటి కాలమ్‌లను చదివేటప్పుడే స్ట్రింగ్ అని చెప్పేయాలి.

2024 జూన్‌లో వచ్చిన నంపై 2.0తో ఎక్కువ తలనొప్పి. పాత నంపై మీద కంపైల్ చేసిన ప్యాకేజీలు దానితో నడవవు, 'నంపై.డీటైప్ సైజ్ ఛేంజ్డ్' అని వస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఈ తరహా పొత్తు కుదరకపోవడమే. 2.0 మీద కట్టినవి 1.x మీద కూడా నడిచేలా చూశారు, అటునుంచి ఇటు మాత్రం కుదరదు. పాత ప్యాకేజీ తప్పనిసరైతే దానికి వేరే ఎన్విరాన్‌మెంట్ (ప్యాకేజీలను విడిగా ఉంచే చోటు) పెట్టి నంపైని 2 కంటే కింద ఆపండి. ప్యాకేజీలన్నీ ఒకే కమాండ్‌లో ఇన్‌స్టాల్ చేయండి. విడివిడిగా చేస్తే తర్వాతది వచ్చి ముందుదాని నంపైని మార్చేయగలదు. కోండా, పిప్ అనే రెండు ఇన్‌స్టాలర్లనూ కలపక తప్పకపోతే పిప్ చివర్లో.

ఎర్రర్ ఇవ్వని మార్పు ఇంకొకటి ఉంది. ఫ్లోట్32 (ఒక్కో సంఖ్యకు 4 బైట్లు) అర్రేకి నంపై ఫ్లోట్64 విలువ ఒక్కటి కలిపితే 1.xలో ఫలితం ఫ్లోట్32గానే ఉండేది. 2లో ఫ్లోట్64 అవుతుంది, మెమరీ రెట్టింపు. అప్‌గ్రేడ్ చేశాక ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మెమరీ చాలక ఆగిపోతే, ముందు ప్రతి దశలో డీటైప్ ప్రింట్ చేసి చూడండి.