ఆరేళ్లలో ఏడు బ్రెస్ట్ ఎమ్మారైలు: నా లెక్క

2019 నుంచి 2024 దాకా హైదరాబాదులో ఏడుసార్లు బ్రెస్ట్ ఎమ్మారై తీయించుకున్నాను. నాకు ఏడాదికి ఒకటి, అంటే ఆరే చాలు. ఆ ఏడోది ఎందుకు పడిందో చెప్పడానికే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

మా అమ్మకి 43 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్. పిన్నికి అండాశయంలో. నాకు రక్తపరీక్ష చేస్తే బీఆర్‌సీఏ1 జన్యువులో మార్పు ఉందని తేలింది. ఆ మార్పు ఉన్న ఆడవాళ్లలో సగం మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అందుకని డాక్టరుగారు ఏడాదికో ఎమ్మారై, ఏడాదికో మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) రాశారు, రెంటికీ మధ్య ఆర్నెల్ల ఎడంతో. "ఇంత ఖరీదు పెట్టి ఎమ్మారై తీశాక మళ్లీ మామోగ్రామ్ ఎందుకండీ?" అని అడిగాను. ఇసుక రేణువుల్లాంటి సున్నపు చుక్కలు మామోగ్రామ్‌లోనే బాగా కనిపిస్తాయట, కొన్ని తొలిదశ క్యాన్సర్లు అలాగే దొరుకుతాయట. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదన్న మాట నిజం కాదు.

స్కాన్ సంగతికొస్తే, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మెట్టెలు. అవును, మెట్టెలే. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. పదిహేనేళ్లుగా తీయని మెట్టెలు స్కాన్ గది బయట కూర్చుని సబ్బు నీళ్లతో లాగడం చాలా కష్టం, ముందురోజు ఇంట్లోనే తీసుకోండి. ముక్కుపుడక, నల్లపూసలు, పిన్నీసులు కూడా. తాళి తీయడానికి మా అత్తగారు మొదటిసారి ఒప్పుకోలేదు. పసుపు తాడు కట్టి పంపారు. టెక్నీషియన్ అమ్మాయి చూసి "తాడొక్కటే అయితే పర్లేదు ఆంటీ" అంది. పేస్‌మేకర్, చెవిలో ఇంప్లాంట్, తలలో క్లిప్ లాంటివి ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి, అది ప్రాణం మీదికి వచ్చే విషయం.

బోర్లా పడుకోవాలి. బల్ల మీద రెండు ఖాళీలు ఉంటాయి, రొమ్ములు వాటిలోకి వేలాడతాయి. రెంటికీ మధ్య ఉన్న గట్టి పట్టీ ఛాతీ ఎముకకి ఒత్తుకుంటుంది. చప్పుడు పిండిమర పక్కన పడుకున్నట్టే, కానీ చెవుల్లో పెట్టుకోవడానికి ఇస్తారు కాబట్టి అది ఓర్చుకోవచ్చు. ఆ పట్టీ నొప్పికే పది నిమిషాలు దాటాక కదలబుద్ధేస్తుంది. మొదలుపెట్టకముందే "అక్కడ ఇంకో మెత్త పెట్టమ్మా" అని అడగండి, పెడతారు. కదిలితే మొత్తం పాడవుతుంది. ఎందుకంటే తేడా కనిపించడానికి నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు, అది ఎక్కించకముందు ఒక బొమ్మ, ఎక్కించాక వరసగా మరికొన్ని తీసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసి చూస్తారు. మందుకి ఎక్కడ త్వరగా వెలుగొస్తుందో, ఎంత త్వరగా తగ్గుతుందో, దాన్ని బట్టి అనుమానం. మొత్తం అరగంట నుంచి ముప్పావుగంట.

ఆ మందు గాడోలినియం. ఎక్కేటప్పుడు చెయ్యి చల్లబడుతుంది, నాకైతే నోట్లో ఇనుము రుచి. మూత్రపిండాలు సరిగా లేనివాళ్లకి ప్రమాదం కాబట్టి క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు. గర్భంతో ఉన్నవాళ్లకి సాధారణంగా ఇవ్వరు. ఇది కొద్దిగా ఒంట్లో మిగిలిపోతుందని 2017లో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఏటా ఎక్కించుకునేదాన్ని కదా, అందుకే తక్కువ మిగిలే మాక్రోసైక్లిక్ రకమే వాడతారా అని ప్రతిసారీ అడుగుతాను. విసుక్కుంటారు, అయినా అడుగుతాను.

ఇక లెక్కలో ఎక్కువ పడిన ఆ స్కాన్ సంగతి. 2021లో నేను వెళ్లిన సెంటరువాళ్లు ఖాళీ ఉన్న రోజు చూసి రమ్మన్నారు. నెలసరి ఎప్పుడు వచ్చిందని ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెడితే అది 23వ రోజు. మామూలుగా 7 నుంచి 14వ రోజు లోపల తీయాలి, ఆ తర్వాత హార్మోన్ల వల్ల మంచి కణజాలం కూడా మందు పీల్చుకుని వెలుగుతుంది. రిపోర్టులో బైరాడ్స్ (రొమ్ము స్కాన్లలో అనుమానం ఎంతో చెప్పే అంకె) 3 అని వచ్చింది. అంటే బహుశా ఏమీ కాదు, కానీ ఆర్నెల్లకి మళ్లీ చూడాలి. ఆ ఆర్నెల్లు నేను పడ్డ టెన్షన్ రాయలేను. మళ్లీ 9వ రోజున తీస్తే అక్కడ ఏమీ లేదు.

2023లో తేదీ సరిగానే చూసుకున్నా ఎడమవైపు 7 మిల్లీమీటర్ల మచ్చ కనిపించింది, బైరాడ్స్ 4, అంటే అనుమానం ఉంది, ముక్క తీసి చూడాలి. అదే చోట మళ్లీ అల్ట్రాసౌండ్ పెట్టి చూశారు, అదృష్టం కొద్దీ కనిపించింది, సూదితో ముక్క తీశారు. ఫైబ్రోఅడినోమా, క్యాన్సర్ కాదు. అల్ట్రాసౌండ్‌లో కనిపించకపోతే ఎమ్మారైలో చూస్తూనే బయాప్సీ (ముక్క తీయడం) చేయాలి, ఆ సదుపాయం అన్ని చోట్లా ఉండదు. స్కాన్ తీయించుకునే చోటే అది ముందు కనుక్కోండి.

అందుకే నా అభిప్రాయం: ఇది అందరూ ఒకసారి చేయించుకునే చెకప్ కాదు. చాలా చిన్నదాన్నీ పట్టుకుంటుంది, కానీ ఏమీ కానిదాన్ని కూడా పట్టుకుని కూర్చుంటుంది. మా పిన్ని కూతురు "అక్కా, నాకూ ఒకసారి తీయిస్తే పోలా?" అంది. దానికి జన్యు పరీక్షలో ఆ మార్పు లేదని వచ్చింది, డాక్టరుగారు వద్దన్నారు, వయసొచ్చాక అందరిలాగే మామోగ్రామ్ చాలన్నారు. 2007లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఏటా ఎమ్మారై తీయాలని చెప్పింది కూడా జీవితకాలపు ముప్పు దాదాపు 20 శాతం దాటినవాళ్లకే. నా ముప్పు దానికి చాలా పైన కాబట్టి నేను వెళ్తున్నాను.

ఖర్చు నాకు ఒక్కోసారి 9 వేల నుంచి 14 వేలు. ఆసుపత్రిలో చేరలేదు కాబట్టి నా ఇన్సూరెన్సు పైసా ఇవ్వలేదు. సెంటరు మారిస్తే పాత బొమ్మలు తప్పకుండా పట్టుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. మచ్చ కొత్తదా, మూడేళ్లుగా అలాగే ఉందా అన్నది వాటిని చూస్తేనే తెలుస్తుంది. నా మొదటి మూడు సీడీలు ఇప్పుడు పెట్టి చూద్దామంటే ఇంట్లో ఏ ల్యాప్‌టాప్‌కీ సీడీ డ్రైవే లేదు. పోయిన నెల షాపులో అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను.