స్మార్ట్ బోర్డా, రేకుల కింద సీలింగా? పర్లాకిమిడి బడికి ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మేం చదువుకున్న బడికి ఏదైనా చేయాలని మా బ్యాచ్ వాళ్లం డబ్బులు పోగేశాం. లక్షన్నర దాటింది. ఏం కొనాలన్న దగ్గర మాత్రం రెండు జట్లయ్యాం. కొందరు స్మార్ట్ బోర్డు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర, కొనాలంటున్నారు. మిగతావాళ్లం ముందు గది బాగుచేద్దాం అంటున్నాం. నేను గది వైపు. కానీ బోర్డు అడిగేవాళ్ల మాటలోనూ బలం ఉంది, అందుకే ముందు అదే చెప్తాను.

మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పుస్తకంలో ‘హృత్పిండ’ అని చదివితే అది గుండె అని వాళ్లకు వెంటనే తట్టదు. అదే తెర మీద కొట్టుకుంటున్న గుండెను, అందులోకి రక్తం వచ్చి వెళ్లడాన్ని చూపిస్తే భాష అడ్డు రాదు. పైగా 2021 నుంచి ఒడిశా ప్రభుత్వం హైస్కూళ్లలో స్మార్ట్ క్లాసులు పెడుతూ వచ్చింది. చిన్న బడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ‘మా వాళ్లకెందుకు లేదు’ అని అడగడం న్యాయమే.

ఇక గది సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు పైకప్పు రేకులు ఎగిరిపోతే మళ్లీ రేకులే వేశారు. పోయిన వానాకాలం నేను వెళ్లినప్పుడు నాలుగో తరగతిలో డిక్టేషన్ జరుగుతోంది. మాస్టారు ‘ధాన’ అన్నారు. ఒడియాలో ధాన అంటే వరి, దాన అంటే మనకు తెలిసిన దానమే. అప్పుడే జడివాన అందుకుంది. ఆఖరి బెంచీలో పాప పక్కపిల్ల పలక వైపు ఓసారి చూసి ‘దాన’ అని రాసింది. మాస్టారు రెండుసార్లు గట్టిగా చెప్పి చూసి, చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి వాన తగ్గేదాకా కూర్చున్నారు.

ఆ పాప తప్పేం లేదు. మన ఇళ్లలో ఒత్తులు అంత పట్టించుకుని పలకం. ఆ తేడా చెవితోనే పట్టుబడాలి. సొంత భాషలో సగం మాట వినబడినా మిగతాది ఊహించుకుంటాం, కొత్త భాషలో ఆ వీలుండదు. అందుకే రెండో భాషలో పాఠం వినే పిల్లలకు చప్పుడు వల్ల నష్టం ఎక్కువ. పాఠం జరిగేటప్పుడు తరగతిలో బయటి చప్పుడు 35 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వానలో రేకుల గదిలో చప్పుడు దాన్ని బాగా దాటిపోతుంది.

రేకు కింద గ్లాస్ వూల్ (గాజు పీచుతో చేసిన మెత్తటి పరుపు లాంటిది) పరిచి జిప్సం బోర్డుతో సీలింగ్ వేయిస్తే చప్పుడు బాగా తగ్గుతుంది, ఏప్రిల్‌లో వేడి కూడా తగ్గుతుంది. పైన ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ పెయింట్ వేస్తే ఇంకా మంచిది. వేడి చిన్న విషయం కాదు. అమెరికాలో కోటిమంది విద్యార్థుల మార్కులు చూసి 2020లో ఒక పరిశోధన వచ్చింది. ఏసీ లేని బడుల్లో ఏడాది సగటు వేడి ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ పెరిగితే ఆ ఏడాది నేర్చుకునేది సుమారు 1 శాతం తగ్గిందని తేలింది. ఇంగ్లండులో సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 153 తరగతి గదుల్ని పరిశీలించి 2015లో చెప్పింది ఇంకా పెద్దమాట. పిల్లల పురోగతిలో కనబడిన తేడాలో 16 శాతం గది తీరు వల్లేనట. అందులో వెలుతురు, వేడి, గాలి వాటా సగం దాకా ఉంది.

బోర్డుతో నాకున్న అసలు భయం ఇక్కడే. కిటికీల వెలుగు పడితే తెర మెరుస్తుంది, బొమ్మ సరిగా కనబడదు. దాంతో కిటికీలు మూస్తారు. నలభై మంది పిల్లలున్న గదిలో కిటికీలు మూస్తే కాసేపటికే గాలి బరువెక్కి ఆవలింతలు మొదలవుతాయి. కరెంటు పోయిందంటే తెరా ఉండదు, ఫ్యానూ ఉండదు.

గోడల నిండా బొమ్మలు వేయిద్దామని ఒకరన్నారు. చిన్నపిల్లలకు అవి ఎక్కువైతే పాఠం మీద నుంచి చూపు పక్కకు పోతుంది. ఒక గోడకు వేస్తే చాలు. బెంచీలు ఇప్పటిలా వరుసల్లో ఉన్నా పరవాలేదు, ఎవరి పని వాళ్లు చేసుకోవడానికి వరుసలే నయం.

స్లాబు ఉండి, గాలి ఆడుతూ, ఇన్వర్టర్ ఉన్న బడి అయితే నేనూ బోర్డుకే ఓటేసేవాణ్ణి. ఈ బడికి మాత్రం ముందు సీలింగ్, ఫ్యాన్లు, కిటికీలకు జాలీ. మిగిలిన డబ్బుతో చక్రాల స్టాండు మీద ఒక మామూలు టీవీ కొంటే అన్ని తరగతులకూ తిప్పుకోవచ్చు. గుండె పాఠం ఉన్న రోజు తెచ్చుకుని, అయ్యాక కిటికీలు తెరుచుకుంటారు. జూన్ వానలకు ముందే పని అయిపోవాలి. కొలతలకు వచ్చే ఆదివారం మేస్త్రీని తీసుకెళ్తున్నాం.