సైకాలజీ మొదటి ఏడాది: మళ్లీ చదవడమా, మూసి రాయడమా? టెక్స్ట్‌బుక్కా, పేపరా?

సైకాలజీలో కొత్తగా చేరిన వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి రెండే. చదివింది గుర్తుండాలంటే ఎన్నిసార్లు చదవాలి? టెక్స్ట్‌బుక్ సరిపోతుందా, అసలు రీసెర్చ్ పేపర్లు కూడా చదవాలా? మొదటి దాని మీద నాకు అనుమానమే లేదు, అందుకే దాంతో మొదలుపెడతాను.

మళ్లీ మళ్లీ చదవడం హాయిగా ఉంటుంది. రెండోసారికి వాక్యాలన్నీ తెలిసినవిలాగే అనిపిస్తాయి, పేజీ నిండా హైలైటర్ గీతలు కనిపిస్తుంటే ఈ చాప్టర్ వచ్చేసిందన్న ధైర్యం వస్తుంది, ఆ ధైర్యమే పరీక్షలో ముంచుతుంది. చూస్తే గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. 2006లో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు విద్యార్థులకు చిన్న వ్యాసాలు ఇచ్చి, ఒకదాన్ని రెండుసార్లు చదవమన్నారు, ఇంకోదాన్ని ఒకసారి చదివి గుర్తున్నదంతా చూడకుండా రాయమన్నారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే రెండుసార్లు చదివినదే గెలిచింది, 81 శాతం గుర్తుంది, రాసి చూసుకున్నది 75 శాతం. వారం తర్వాత పరీక్ష రాసిన వాళ్ల దగ్గర మాత్రం లెక్క తిరగబడింది: చదివినది 42 శాతం, రాసి చూసుకున్నది 56 శాతం. చదివిన వెంటనే అంతా వచ్చేసినట్టు ఎందుకు అనిపిస్తుందో, వారానికి ఎందుకు జారిపోతుందో ఆ రెండు జతల అంకెల్లోనే ఉంది.

నా సంగతే చెప్తాను. నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ గురించి నాలుగుసార్లు చదివాను, అర్థమైందనే అనుకున్నాను. తెల్ల కాగితం తీసుకుని, పుస్తకం మూసి రాస్తే నా చేత్తోనే "తప్పు చేస్తే శిక్షించడం" అని వచ్చింది. అది తప్పు. కారులో సీటు బెల్ట్ పెట్టుకోగానే బీప్ ఆగుతుంది, చిరాకు పోతుంది కాబట్టి తర్వాతిసారి కూడా పెట్టుకుంటాం; ఇబ్బంది తొలగడం వల్ల ఆ పని పెరుగుతుంది, శిక్ష అయితే తగ్గిస్తుంది. ఇంకో నాలుగుసార్లు చదివినా నా పొరపాటు నాకు దొరికేది కాదు, ఎందుకంటే చదివేటప్పుడు సరైన వాక్యం ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది.

కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నాను, మూసి రాయడమే మేలు. 2013లో డన్‌లోస్కీ బృందం పది చదువు పద్ధతుల్ని పరిశీలించి, తమను తాము పరీక్షించుకోవడాన్నీ, రోజులు ఎడం ఇచ్చి చదవడాన్నీ పైన పెట్టింది. గీతలు గీయడం, తిరిగి చదవడం అడుగున ఉన్నాయి. మొదటి వారం ఈ పద్ధతి కష్టంగా ఉంటుంది, సగం కూడా గుర్తురాక ఏడుపొస్తుంది. ఆ కష్టం చూసి వదిలేయకండి, పని జరుగుతున్నది అక్కడే.

ఇక టెక్స్ట్‌బుక్కా, పేపరా? ఇక్కడ నా తీర్పు అంత సూటిగా ఉండదు. ఈ రంగం ఎంత పెద్దదో, 1879లో విల్హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో పెట్టిన సైకాలజీ ప్రయోగశాల నుంచి ఇప్పటిదాకా ఏ ఆలోచన ఏ ఆలోచనకు జవాబుగా వచ్చిందో పేపర్ చెప్పదు, టెక్స్ట్‌బుక్ చెప్తుంది. అది లేకుండా పేపర్లలోకి దూకితే దారి తెలియని ఊళ్లో తిరిగినట్టే.

కానీ టెక్స్ట్‌బుక్ కథను నున్నగా చేసేస్తుంది. 1964లో న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ హత్య జరుగుతుంటే 38 మంది చూస్తూ ఊరుకున్నారని ఎన్నో పుస్తకాలు రాశాయి. ఆధారాలు ఆ కథను బలపరచడం లేదని 2007లో మానింగ్, లెవీన్, కాలిన్స్ చూపించారు. అయితే ఆ ఘటన ప్రేరణతో, చుట్టూ ఇంకా జనం ఉన్నారనుకుంటే మనిషి సాయానికి ముందుకు రావడం తగ్గుతుందా అని చూస్తూ డార్లీ, లాటనే 1968లో ప్రచురించిన ప్రయోగాలు వేరు. కథ కూలినంత మాత్రాన అవి కూలవు. ఘటన ఏది, ఆధారం ఏది అని విడదీసి చూడగలగడమే నా దృష్టిలో సైకలాజికల్ లిటరసీ అంటే, సిద్ధాంతాల పేర్లు అప్పజెప్పడం కాదు. ఇంకో విషయం, 2015లో 100 అధ్యయనాల్ని మళ్లీ చేసి చూస్తే 36 శాతంలోనే స్టాటిస్టికల్‌గా చెప్పుకోదగ్గ, అంటే ఏదో కాకతాళీయంగా వచ్చిందని తేలిగ్గా కొట్టిపారేయలేని ఫలితం వచ్చింది. ఇది చదివి సైకాలజీ అంతా ఉత్తిదే అనుకునే వాళ్లున్నారు, నేను ఒప్పుకోను. తన ఇల్లు తనే తనిఖీ చేసుకునే రంగం మీద నాకు నమ్మకం పెరిగింది.

అందుకే మొదటి ఏడాది టెక్స్ట్‌బుక్కే ప్రధానం, చాప్టర్‌కి ఒక పేపర్ తోడు. పేపర్‌ని మొదటి లైన్ నుంచి చివరిదాకా చదవాలని పట్టుబట్టకండి, రిజల్ట్స్‌లో అంకెలు చూసి బెదిరి మూసేస్తారు. ముందు అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం), ఇంట్రడక్షన్‌లో చివరి పేరా, గ్రాఫులు, తర్వాత మెథడ్ (ప్రయోగం ఎలా చేశారో చెప్పే భాగం) చదవండి. మెథడ్ దగ్గర మాత్రం నిదానంగా కూర్చోండి. ఎవరి మీద చేశారు, ఎంతమంది, ఏం కొలిచారు, దేంతో పోల్చారు? ఈ నాలుగింటికీ మీ మాటల్లో జవాబు రాయగలిగితే మొదటి ఏడాదికి అది చాలా ఎక్కువ.

పెన్నా, ల్యాప్‌టాపా అని కూడా అడుగుతారు. చేత్తో రాస్తేనే మేలని 2014లో ఒక అధ్యయనం బాగా పేరు తెచ్చుకుంది, తర్వాత మళ్లీ చేసి చూసినప్పుడు ఆ తేడా అంత స్పష్టంగా కనిపించలేదు. మీకు ఏది వీలైతే అది, చెప్పింది చెప్పినట్టు దించకుండా ఉంటే చాలు. నేను విజువల్ లెర్నర్‌నా (చూసి నేర్చుకునే రకమా), ఆడిటరీనా (విని నేర్చుకునే రకమా) అన్న టెన్షన్ అయితే అసలు పెట్టుకోకండి, శైలికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం దొరకలేదు.

మొదటి పేపర్ ఏదో తేల్చుకోలేకపోతే నేను పైన చెప్పిన రోడిగర్, కార్పికేల 2006 పేపర్‌నే తీసుకోండి. ఏడు పేజీలు, రెండు ప్రయోగాలు, గ్రాఫులు తేలిక. చదివాక మూసేసి, తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయండి, వారం తర్వాత ఇంకోసారి రాసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.