వల్లేహో సర్ఫేస్ ప్రైమర్: కోనసీమ చెమ్మలో పట్టు నిలుస్తుందా?

ప్లాస్టిక్ విమానం కిట్లకి రంగు వేసేముందు పట్టు కోసం వేసే అడుగు పూతే ప్రైమర్. వల్లేహో వాళ్ల ఈ నీటి ప్రైమర్‌కి ఘాటు వాసన ఉండదు, బ్రష్ నీళ్లతోనే శుభ్రమవుతుంది, వేరే గది లేని ఇంట్లో కూడా వాడుకోవచ్చు. వల్లేహో పాలీయురేథేన్ ప్రైమర్ కొనడానికి ఇవి చాలు. (వాసన లేదు కదా అని మాస్కు మానేయకండి, స్ప్రే తుంపర ఊపిరితిత్తుల్లోకే పోతుంది.) పట్టులో మాత్రం ఇది ల్యాకర్ ప్రైమర్‌కి సాటి రాదు. మిస్టర్ సర్ఫేసర్ లాంటి ల్యాకర్‌లోని సాల్వెంట్ (రంగుని కరిగించే ఘాటు ద్రవం) పాలీస్టైరీన్‌ని, అంటే కిట్ ప్లాస్టిక్‌ని, పైపైన కాస్త మెత్తబరిచి లోపలికి దిగుతుంది. నీటి ప్రైమర్‌ అలా దిగదు, పైన పొరలా పరుచుకుంటుందంతే. కింద జిడ్డుంటే నున్నటి కుండ మీంచి ఆత్రేయపురం పూతరేకు లేచినట్టు లేచి వచ్చేస్తుంది.

కాబట్టి సగం పని సీసా మూత తీయకముందే అయిపోవాలి. కిట్ భాగాలు అతుక్కుని వచ్చే ఫ్రేముల మీద అచ్చు నుంచి విడిపించడానికి వాడిన నూనె మిగిలి ఉండవచ్చు. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మరీ వేడి నీళ్లయితే సన్నటి రెక్కలు వంకర పోతాయి. చివరి కడుగుడికి బోరు నీళ్లు వద్దు. సముద్రం దగ్గరి ఊళ్ల ఉప్పునీళ్లు ఆరాక తెల్లటి మచ్చలు మిగులుస్తాయి, ఆ మచ్చల మీద ప్రైమర్ నిలవదు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ మేలు, రంగు పల్చన చేయడానికీ అదే వాడుకోవచ్చు. అతికించడం, గీకడం అయ్యాక విమానమంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి, ఆపైన గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకండి. తలకి కొబ్బరినూనె రాసుకున్న చేయి రెక్క మీద పడితే సరిగ్గా ఆ వేలిముద్ర మేరకే పెచ్చు ఊడుతుంది. కాక్‌పిట్ అద్దానికి మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి, వెంట్రుకవాసి పగుళ్లు రావచ్చు. దానికి సబ్బు నీళ్లు చాలు.

ఎయిర్‌బ్రష్‌తో (కంప్రెసర్ గాలితో రంగు చిమ్మే చిన్న గన్) కొట్టేటప్పుడు 0.4 మి.మీ. నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ గాలి ఒత్తిడి, మూడంగుళాల దూరం. సీసాని కనీసం ఒక నిమిషం గట్టిగా ఊపాలి, అడుగున పేరుకున్నది కలవకపోతే పైనున్న పలుచటి ద్రవమే వస్తుంది. మొదటిసారి మంచు కురిసినట్టు చుక్కచుక్కగా వేయాలి, కింది ప్లాస్టిక్ ఇంకా కనబడుతూనే ఉండాలి. పావుగంట ఆగి మరో రెండు పల్చటి పొరలు. ఒకేసారి కప్పేద్దామని తడిగా కొడితే ప్యానెల్ గీతల (విమానం రేకుల అతుకుల్లా కనబడే గీతలు) నుంచి పక్కకి జరిగి అంచుల్లో గుంటలు కడుతుంది. రోహిణి ఎండల్లో సమస్య తిరగబడుతుంది. రంగు గాల్లోనే ఆరి పొడిలా పడుతుంది, గరుకుగా ఉంటుంది, పట్టు కూడా ఉండదు. పది చుక్కలకి ఒక చుక్క ఫ్లో ఇంప్రూవర్ (రంగు త్వరగా ఆరకుండా సాఫీగా పారేలా చేసే ద్రవం) కలపండి. కంప్రెసర్‌కి నీటి ట్రాప్ (గాలిలోని తేమని పట్టే గిన్నె) తప్పనిసరి, ఈ గాలిలో అది త్వరగానే నిండుతుంది. మధ్యమధ్యలో ఆ నీళ్లు వదలకపోతే గన్ నీటి బొట్టుని నేరుగా రెక్క మీద ఉమ్ముతుంది.

అసలు పరీక్ష ఆరబెట్టడంలో ఉంది. చేతికి అంటనంత మాత్రాన ఆరినట్టు కాదు. నీళ్లు పోయాక రెసిన్ (పొరగా మారే జిగురు పదార్థం) కణాలు దగ్గరికొచ్చి ఒకదాంట్లో ఒకటి కలిసిపోవాలి, అప్పుడే పొర గట్టిపడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఆ నీళ్లు పోవడమే కష్టం. మామూలు రోజుల్లో 24 గంటలు, వానాకాలంలో 48 గంటలు ఇవ్వండి. అట్టపెట్టెకి నాలుగు చిల్లులు పెట్టి లోపల ఒక పాత జీరో బల్బు, ఎల్ఈడీ కాదు, వేలాడదీస్తే లోపలి గాలి కొంచెం వేడెక్కి తేమ తగ్గుతుంది. బల్బు మోడల్‌కీ అట్టకీ జానెడు దూరంలో ఉండాలి, ఎవరూ లేనప్పుడు వెలగనివ్వకూడదు.

సాండింగ్‌లో (పేపరుతో రుద్ది నున్నగా చేయడంలో) ఈ ప్రైమర్ బలహీనత బయటపడుతుంది. పాలీయురేథేన్ పొర సాగుతుంది. ల్యాకర్‌లా పొడిగా రాలదు, రబ్బరులా చుట్టుకుని అంచులు చిరుగుతుంది. రెండు మూడు రోజులు ఆగి 2000 నంబరు పేపరుతో, తడిచేసి, వేలు తేలిగ్గా ఆనించి రుద్దితే సరిపోతుంది. అతుకుల దగ్గర పుట్టీ పెట్టి నాలుగైదుసార్లు గీకే రకం కిట్ అయితే దీని జోలికి పోకండి, మిస్టర్ సర్ఫేసర్ 1000 తెచ్చుకోండి.

మాస్కింగ్‌కి (రంగు పడకూడని చోట టేపుతో కప్పడానికి) ముందు స్ప్రూ ముక్క (భాగాలు తీసేశాక మిగిలిన ఫ్రేము) మీద అదే రోజు, అదే పొర వేసి పెట్టుకోండి. టామియా టేపు అంటించి, గోటితో నొక్కి, తనమీదకే మడుస్తూ నెమ్మదిగా లాగి చూడండి. నిట్టనిలువుగా పైకి పీకితే మంచి పొర కూడా లేస్తుంది. విమానం మీద వేసే టేపుని ముందు శుభ్రమైన గాజు పలక మీద ఒకట్రెండు సార్లు అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది. రాత్రంతా టేపు ఉంచేయకండి, పైరంగు ముట్టుకుంటే అంటని దశకి రాగానే తీసేయండి.

అమలాపురం, కాకినాడల నుంచి ఆర్డర్ చేసేవారికి 60 మి.లీ. సీసా చాలు, 1/72 (అసలు సైజులో 72వ వంతు) విమానాలు చాలానే అవుతాయి. ఐదుకి మూడున్నర ఇవ్వొచ్చు. పట్టు దానంతటదే రాదు కాబట్టి ఒకటి, సాండింగ్‌కి అర తీసేశాను.

ఇంత చేసినా ఒకచోట పెచ్చు లేస్తే, లేచిన అంచుని 1500 పేపరుతో తడిగా జారుగా చేసి, తుడిచి, అక్కడివరకే మళ్లీ పల్చగా కొట్టండి. ముక్కలు ముక్కలుగా లేస్తుంటే అతుకులు వేయడం దండగ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో అద్దం తప్ప మిగతాదంతా ప్లాస్టిక్ కనబడేదాకా తుడిచేసి, మళ్లీ సబ్బు నీళ్ల నుంచి మొదలుపెట్టండి.